ఎలైట్ డేంజరస్ ఆటలో ఖనిజాల తవ్వకం

ఎలైట్ డేంజరస్ అంతరిక్ష ప్రయాణాన్ని అనుకరించే వీడియో గేమ్. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌కు చెందిన ఫ్రాంటియర్ డెవలప్‌మెంట్స్ సంస్థ దీన్ని తయారుచేసి 2014 డిసెంబరు 16న విడుదల చేసింది. మన పాలపుంతనే అసలు కొలతలతో, దాదాపు 40,000 కోట్ల నక్షత్ర వ్యవస్థలతో ఇందులో నిర్మించారు. ఆడేవారిని కమాండర్లు అంటారు. ఒక చిన్న నౌక, 1,000 క్రెడిట్ల సొమ్ము చేతికిచ్చి ఆట వాళ్ళను అంతరిక్షంలోకి వదులుతుంది. వర్తకం చేస్తారో, వేటాడతారో, ఎవరూ చూడని నక్షత్రాలు వెతుకుతారో వాళ్ళ ఇష్టం. ఆ బతుకుదెరువుల్లో ఒకటి తవ్వకం. గ్రహాల చుట్టూ తిరిగే వలయాల్లోని గ్రహశకలాలను పగలగొట్టి, వాటి ఖనిజాన్ని నౌకలోనే శుద్ధిచేసి, అంతరిక్ష రేవుల్లో అమ్ముకోవడం ఈ పని.

తొలి రోజుల్లో ఇది ఓపిక ఉన్న కొద్దిమంది మాత్రమే చేపట్టిన వృత్తి. 2018 డిసెంబరులో వచ్చిన పెద్ద మార్పులతో ఆటలో అత్యధిక ఆదాయమిచ్చే పనుల్లో ఒకటిగా మారింది. ఆయుధబలం కంటే ఖనిజం గురించిన తెలివిడి ఎక్కువ ఫలితమిచ్చే వృత్తి కావడమే దీని ప్రత్యేకత.

పుట్టుక, పరిణామం

1979లో అటారీ సంస్థ తెచ్చిన ఆస్టరాయిడ్స్ ఆటలో గ్రహశకలం శత్రువు. దాన్ని పేల్చడమే పని, పేల్చాక దక్కేది పాయింట్లే. 1984 సెప్టెంబరులో డేవిడ్ బ్రాబెన్, ఇయాన్ బెల్ బీబీసీ మైక్రో కంప్యూటర్ కోసం రూపొందించిన ఎలైట్ అదే బండకు ధర కట్టింది. 32 కిలోబైట్ల మెమరీ ఉన్న ఆ యంత్రంలో వాళ్ళు 8 గెలాక్సీలను, ఒక్కొక్క దానిలో 256 గ్రహాలను ఇమిడ్చారు. నౌకకు మైనింగ్ లేజర్ బిగించుకుంటే గ్రహశకలం తునకలయ్యేది. ఇంధనం పట్టుకోవడానికి వాడే స్కూప్‌తో ఆ తునకలను ఏరుకుంటే ఖనిజం అనే సరకు చేతికొచ్చేది. ఆటలోని 17 రకాల సరకుల్లో అదొకటి. ధర తక్కువ కాబట్టి డబ్బు చేసుకోవాలనుకున్నవాళ్ళు వర్తకం వైపో, దొంగనౌకల వేట వైపో వెళ్ళేవారు. తవ్వకం ఉన్నా దాని మీద బతికినవాళ్ళు తక్కువ.

1993లో వచ్చిన ఫ్రాంటియర్: ఎలైట్ 2లో గ్రహాల నేల మీద దించి వదిలేసే తవ్వకపు యంత్రం ఉండేది. కొంతకాలం తర్వాత తిరిగి వెళ్ళి అది పోగుచేసిన ఖనిజాన్ని తెచ్చుకోవాలి. 1995 నాటి ఫస్ట్ ఎన్‌కౌంటర్స్ తర్వాత ఈ పరంపర చాలా ఏళ్ళు ఆగిపోయింది. 2012 నవంబరులో బ్రాబెన్ కిక్‌స్టార్టర్ ద్వారా ప్రజల నుంచి చందాలు సేకరించడం మొదలుపెట్టారు. రెండు నెలల్లో 15 లక్షల పౌండ్లకు పైగా వచ్చాయి. ఆ సొమ్ముతో మొదలైన పనే ఎలైట్ డేంజరస్.

విడుదలైన నాటి ఆటలో తవ్వకం చాలా మందకొడిగా సాగేది. లేజర్‌తో బండను గీకాలి, రాలిన ప్రతి ముక్క వెనకా నౌకను నెమ్మదిగా నడపాలి, సరకు తలుపు తెరిచి ఒక్కొక్క దాన్నే లోపలికి పట్టాలి. 2015 జూన్‌లో లింపెట్లు అనే చిన్న యంత్రాలు రావడంతో ఏరే శ్రమ తగ్గింది. అదే ఏడాది డిసెంబరులో హొరైజన్స్ విస్తరణ వచ్చి గాలిలేని గ్రహాల మీద దిగే వీలు కల్పించింది. నేల మీది మూలకాల సేకరణకు అది దారి తీసింది. 2018 డిసెంబరులో వచ్చిన, బియాండ్ అనే మార్పుల వరుసలోని నాలుగో భాగం తవ్వకాన్ని మొదటి నుంచి చివరి దాకా తిరగరాసింది. వెతికే పద్ధతి, పగలగొట్టే పనిముట్లు, దొరికే రత్నాలు అన్నీ మారాయి. 2020 జూన్‌లో ఫ్లీట్ క్యారియర్లనే మహానౌకలు, వాటిని నడిపే ట్రిటియం వచ్చి ఖనిజానికి మరో పెద్ద అవసరాన్ని సృష్టించాయి.

ఖనిజం దొరికే చోటు

తవ్వకం ప్రధానంగా గ్రహ వలయాల్లో జరుగుతుంది. కొన్ని నక్షత్రాల చుట్టూ తిరిగే శకలాల పట్టీలు కూడా ఇందుకు పనికొస్తాయి. వలయాలు నాలుగు రకాలు: మంచువి, రాతివి, లోహం ఎక్కువగా ఉన్నవి, పూర్తి లోహపువి. ఏ ఖనిజం ఎక్కడ దొరుకుతుందో ఈ రకమే తేలుస్తుంది. ప్లాటినం, పెయినైట్, ఆస్మియం కావాలంటే లోహ వలయానికి పోవాలి. ట్రిటియం, బ్రోమెలైట్, వాయిడ్ ఓపల్ మంచు వలయాల్లోనే దొరుకుతాయి. మంచు వలయంలో రోజంతా తవ్వినా గ్రాము ప్లాటినం రాదు. కొత్తగా ఈ పనిలోకి దిగినవాళ్ళు ముందుగా నేర్చుకోవలసిన సంగతి ఇది.

వలయానికి నిల్వల స్థాయి కూడా ఉంటుంది. ఎవరూ ముట్టని నిల్వల నుంచి దాదాపు అయిపోయిన వాటి వరకు అయిదు మెట్లు. జనావాసాలకు దూరంగా ఉన్న వ్యవస్థల్లో నిల్వలు సాధారణంగా చెక్కుచెదరకుండా ఉంటాయి. అందుకే అనుభవజ్ఞులు మొదట వెతికేది ముట్టని నిల్వలున్న లోహ వలయాన్ని, రేవుకు మరీ దూరం కాకుండా.

2018 మార్పులతో హాట్‌స్పాట్ అనే మాట ఆటలోకి వచ్చింది. ఉపరితల స్కానర్‌తో వలయం మీదికి ప్రోబులు వదిలితే ఏ భాగంలో ఏ ఖనిజం ఎక్కువగా ఉందో పటంలా తేలుతుంది. హాట్‌స్పాట్ ఒక్కొక్క ఖనిజానికి ప్రత్యేకం. ఒకే ఖనిజానికి చెందిన రెండు మూడు హాట్‌స్పాట్లు ఒకదాని మీద ఒకటి పడిన చోట్లు అరుదు. అలాంటి చోటు బయటపడితే కబురు వేగంగా పాకి, వేలమంది నౌకలు తిప్పుకుని అక్కడికి చేరతారు.

వలయాల్లో ఖనిజ సేకరణ స్థలాలుగా గుర్తించిన చోట్లూ కొన్ని ఉంటాయి. అక్కడి బండలు సాధారణ బండల కంటే ఎక్కువ ఇస్తాయి. కాకపోతే దొంగనౌకలు అక్కడే కాచుకుని ఉంటాయి. ప్రమాదం బాగా ఎక్కువని ముద్ర పడిన స్థలాల్లోకి పోలీసు నౌకలు రావు.

నౌక, పనిముట్లు

తవ్వకానికి ఏ నౌకైనా పనికొస్తుంది. ఆటలో ముందుగా ఇచ్చే సైడ్‌వైండర్‌తో కూడా చిన్నగా మొదలుపెట్టవచ్చు. కాస్త సొమ్ము చేరాక చాలామంది ఆస్ప్ ఎక్స్‌ప్లోరర్, పైథాన్ కొంటారు. పైథాన్ మధ్యరకం వేదిక మీద దిగగలదు కాబట్టి చిన్న రేవుల్లోనూ సరకు అమ్ముకోవచ్చు. పెద్ద ఎత్తున చేసేవాళ్ళు టైప్-9 హెవీ, అనకొండ, ఇంపీరియల్ కట్టర్ వైపు వెళతారు. కట్టర్ కొనాలంటే డబ్బు ఒక్కటే చాలదు, ఆటలోని సామ్రాజ్యపు నౌకాదళంలో డ్యూక్ హోదా కూడా సంపాదించుకోవాలి.

నౌక లోపల తప్పక ఉండవలసినది రిఫైనరీ. లేజర్‌తో రాల్చిన ప్రతి ముక్కలోనూ ఖనిజం కొంత శాతమే ఉంటుంది. రిఫైనరీలోని గదుల్లో ఆ శాతాలు కలిసి నూరుకు చేరితే ఒక టన్ను సరకు తయారవుతుంది. ఒక గదిలో ఒక ఖనిజమే పడుతుంది. చిన్న రిఫైనరీలో గదులు తక్కువ, పెద్దదానిలో 10 దాకా ఉంటాయి. అక్కరలేని ఖనిజాలు గదులన్నీ ఆక్రమిస్తే విలువైన ముక్క బయటే నిలిచిపోతుంది. అందువల్ల ఏది ఏరాలో, దేన్ని వదిలేయాలో ముందే నిర్ణయించుకుని, పనికిరాని ఖనిజాలను ఏరవద్దని యంత్రానికి చెప్పి ఉంచుతారు.

లింపెట్లు రెండు రకాలు ముఖ్యం. మొదటిది బండను పరీక్షించేది. బావి తవ్వే ముందు నీటిజాడ చూసినట్టు, లేజర్ తిప్పే ముందు దాన్ని బండలోకి వదులుతారు. లోపల ఏ ఖనిజం ఎంత శాతం ఉందో అది చెబుతుంది. పైగా పరీక్షించిన బండ నుంచి వచ్చే ముక్కల సంఖ్య కూడా పెరుగుతుంది. రెండోది ముక్కలను ఏరి తెచ్చేది. ప్రత్యేకంగా ఒక ముక్కను చూపించి వదిలితే దాన్ని తెచ్చిపెట్టి లింపెట్ పని ముగిస్తుంది. ఏదీ చూపించకుండా వదిలితే ఆయువు ఉన్నంతసేపూ చుట్టూ తిరిగి ఏరుతూనే ఉంటుంది. ఒక్కొక్క లింపెట్ సరకు గదిలో ఒక టన్ను చోటు తీసుకుంటుంది. తవ్వకానికి బయలుదేరేటప్పుడు గది నిండా లింపెట్లు నింపుకుంటారు, పని సాగేకొద్దీ వాటి చోటును ఖనిజం ఆక్రమిస్తుంది.

నాలుగు పద్ధతులు

లేజర్ తవ్వకం అన్నిటికంటే పాతది, నేర్చుకోవడానికి సులువైనది. పరీక్ష లింపెట్ వదిలి, ఫలితం బాగుంటే బండకు దగ్గరగా నిలిచి లేజర్ వేస్తారు. బండ ఖాళీ అయ్యేదాకా ముక్కలు రాలుతూనే ఉంటాయి. ప్లాటినం, పెయినైట్ తవ్వకంలో ఆరితేరినవాళ్ళు శాతం తక్కువ ఉన్న బండను తాకకుండానే తర్వాతి దానికి వెళ్ళిపోతారు. వేగమంతా ఈ ఎంపికలోనే ఉంది.

ఉపరితలపు నిక్షేపాలది రెండో పద్ధతి. కొన్ని బండల పైభాగంలో ఖనిజం బొడిపెల్లా అంటుకుని ఉంటుంది. అబ్రేషన్ బ్లాస్టర్ అనే చిన్న తుపాకీతో వాటిని ఒలిచి తీస్తారు.

మూడోది లోపొరల నిక్షేపాలది. డిస్‌ప్లేస్‌మెంట్ క్షిపణిని నిక్షేపం ఉన్నచోట దించితే అది బండలోకి తొలుచుకుంటూ పోతుంది. తెర మీద దాని లోతు కదులుతూ కనబడుతుంది. సరైన లోతు చేరిన క్షణంలో పేల్చితేనే ముక్కలు బయటపడతాయి. తొందరపడినా ఆలస్యం చేసినా ఆ పేలుడు వృథా.

నాలుగోదైన గర్భ తవ్వకం ఈ వృత్తి మొత్తానికి తలమానికం. కొన్ని గ్రహశకలాల నడిగర్భంలో రత్నాల పేరుకుపోత ఉంటుంది. వాటిని గుర్తించడానికి పల్స్ వేవ్ అనలైజర్ ఉంది. అది పంపే తరంగం తగలగానే చుట్టూ ఉన్న బండలు రంగులు పుంజుకుంటాయి. గర్భం ఉన్నది మిగతా వాటికంటే ప్రకాశవంతంగా, పసుపు కలిసిన నారింజ రంగులో మెరుస్తుంది. కళ్ళు అలవాటుపడితే రూపాన్ని బట్టి కూడా గుర్తుపట్టవచ్చు. పరీక్ష లింపెట్ వదిలాక బండ మీది పగుళ్ళు తెలుస్తాయి. ఆ పగుళ్ళలో సీస్మిక్ చార్జీలనే పేలుడు పదార్థాలను అమర్చాలి. ప్రతి పగులుకూ బలం వేరు, ప్రతి చార్జీనీ మూడు స్థాయిల్లో దేనిలోనైనా పేల్చవచ్చు. బటన్‌ను ఎంతసేపు నొక్కి ఉంచితే అంత బలం. తెర మీద ఒక కొలబద్ద మొత్తం పేలుడు శక్తిని చూపుతుంది. అది నీలి గీతల మధ్యన నిలిస్తే బండ చక్కగా చీలి, గర్భంలోని ఖనిజం అంతా దక్కుతుంది. శక్తి చాలకపోతే బండ చీలదు. ఎక్కువైతే ఖనిజమే నుగ్గయిపోతుంది. మొదటి చార్జీ అంటించగానే గడియారం నడవడం మొదలవుతుంది, ఆ లోపల మిగతావన్నీ అమర్చి, నౌకను దూరం తీసుకుపోవాలి. పేలుడు తర్వాత చీలిన పలకల లోపలి వైపు మిగిలిన నిక్షేపాలను అబ్రేషన్ బ్లాస్టర్‌తో ఒలుచుకుంటారు.

దొరికే ఖనిజాలు

ఆటలోని ఖనిజాల్లో చాలావాటి పేర్లు భూమి మీది ఖనిజశాస్త్రం నుంచి తీసుకున్నవే. ఈ ఎంపిక వెనక ఉన్న శ్రద్ధ మెచ్చదగినది. పెయినైట్‌ను 1950ల్లో మయన్మార్‌లో ఆర్థర్ పెయిన్ అనే ఖనిజ సేకర్త గుర్తించారు. దశాబ్దాల పాటు ప్రపంచం మొత్తం మీద దాని స్ఫటికాలు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే ఉండేవి. బెనిటోయిట్ కాలిఫోర్నియాలోని శాన్ బెనిటో ప్రాంతానిది, ఆ రాష్ట్రపు అధికారిక రత్నం కూడా. గ్రాండిడియరైట్ మడగాస్కర్‌లో, మస్‌గ్రేవైట్ దక్షిణ ఆస్ట్రేలియా కొండల్లో తొలిసారి దొరికాయి. సెరెండిబైట్ పేరులో శ్రీలంకకున్న పాత పేరు దాగి ఉంది. పగటి వెలుగులో ఆకుపచ్చగా, దీపం వెలుగులో ఎర్రగా కనబడే అలెగ్జాండ్రైట్ రష్యాలోని యూరల్ పర్వతాల్లో బయటపడింది. వాయిడ్ ఓపల్ మాత్రం ఆట కోసం ఊహించి పెట్టినది.

వీటిలో తెలుగు నేలకు సంబంధం ఉన్నవీ ఉన్నాయి. ఆటలో గర్భ తవ్వకంతో దొరికే మొనజైట్ అనేది థోరియం, అరుదైన మృత్తికా మూలకాలున్న అసలు ఖనిజం. శ్రీకాకుళం నుంచి విశాఖ మీదుగా సాగే మన సముద్రతీరపు ఇసుకలో అది ఉంది. భారతదేశపు మొనజైట్ వనరుల్లో ఆంధ్రప్రదేశ్‌ది పెద్ద వాటా. అనకాపల్లి జిల్లా నర్సీపట్నం పరిసరాల్లో అలెగ్జాండ్రైట్ దొరికేది. ఇక వజ్రం సంగతి చెప్పనే అక్కరలేదు, కృష్ణా తీరపు కొల్లూరు గనులు ఒకప్పుడు ప్రపంచానికి వజ్రాలు పంచాయి. ఆటలో వేల కాంతి సంవత్సరాల దూరంలో ఏరే పేర్లలో కొన్ని మన ఊళ్ళ మట్టిలోనివే అని తెలియడం తెలుగు ఆటగాళ్ళకు ఖనిజశాస్త్రం మీద ఆసక్తి పెంచే విషయం.

నేల మీది మూలకాల సేకరణ

ఎలైట్ డేంజరస్‌లో సరకు వేరు, మూలకం వేరు. సరకు సరకు గదిలోకి చేరి అమ్మకానికి పోతుంది. మూలకాన్ని అమ్మలేరు. అది కమాండర్ దగ్గర ప్రత్యేకంగా నిలవ ఉండి, నౌకను మెరుగుపరచుకోవడానికి, దారిలో అవసరమైన వస్తువులు చేసుకోవడానికి ఖర్చవుతుంది. ముడి మూలకాలు 28. అరుదును బట్టి వాటిని 7 చొప్పున 4 తరగతులు చేశారు. కార్బన్, ఇనుము, నికెల్ మొదటి తరగతి. పొలోనియం, టెలూరియం, రుథీనియం, యిట్రియం లాంటివి చివరి తరగతి. తరగతి పెరిగేకొద్దీ నిలవ ఉంచుకోగల పరిమితి 300 నుంచి 150కి తగ్గుతుంది.

వీటిని సేకరించడానికి గ్రహం మీద దిగి, ఆరు చక్రాల బండిలో తిరగాలి. బండిలోని తరంగ గ్రాహకం చుట్టుపక్కల రాళ్ళ నుంచి వచ్చే గుర్తులను గీతలుగా చూపుతుంది, శబ్దంగా వినిపిస్తుంది. ఏ శబ్దం ఏ రకం రాయిదో చెవి పట్టేస్తుంది. రాయిని తుపాకీతో కొడితే మూలకాల ముక్కలు రాలుతాయి. ఒక గ్రహంలో ఏ మూలకాలు ఎంత శాతం ఉన్నాయో దాని స్కానింగ్ వివరాల్లో ముందే ఉంటుంది కాబట్టి, దిగే ముందు ఆ జాబితా చదవడం మేలు. గీజర్లున్న చోట్లు, స్ఫటికాలు మొలిచిన మైదానాలు అరుదైన మూలకాలకు నెలవులు. వలయాల్లో లేజర్ వేసేటప్పుడు కూడా సాధారణ మూలకాలు వెంట వస్తాయి.

2016 మేలో వచ్చిన ఇంజనీర్లు ఈ మూలకాలకు విలువ తెచ్చారు. వాళ్ళు నౌక యంత్రాలను మెరుగుపరిచే కల్పిత నిపుణులు. వాళ్ళలో కొందరు తవ్వకం తెలిసినవాళ్ళకే తలుపు తీస్తారు. నౌక కవచాన్ని బలపరిచే సెలీన్ జీన్ ఆహ్వానం రావాలంటే 500 టన్నుల ఖనిజం తవ్వి ఉండాలి, ఆపైన 10 టన్నుల పెయినైట్ కానుకగా ఇవ్వాలి. బిల్ టర్నర్ 50 టన్నుల బ్రోమెలైట్ అడుగుతాడు. పోరాటమే తమ వృత్తి అనుకునేవాళ్ళు కూడా ఒకసారి వలయాల బాట పట్టక తప్పదు.

దూర ప్రయాణీకులకు మూలకాలు ప్రాణరక్షకాలు. కార్బన్, వెనేడియం, జెర్మేనియం కలిపి ఇంజిన్‌కు ఎక్కిస్తే ఒక గంతులో దాటే దూరం 25 శాతం పెరుగుతుంది. పొలోనియం, యిట్రియం లాంటి అరుదైన వాటితో చేసే మేలురకం మిశ్రమం ఆ దూరాన్ని రెట్టింపు చేస్తుంది. నక్షత్రాలు పలచగా ఉన్న పాలపుంత అంచుల్లో ఇంటికి తిరిగిరావడం ఒక్కోసారి దీని మీదే ఆధారపడుతుంది. 2018 ఫిబ్రవరి నుంచి మూలకాలను మార్పిడి చేసే వర్తకులు కూడా ఉన్నారు. ఒకే వర్గంలో పై తరగతి మూలకం ఒకటి కావాలంటే కింది తరగతివి 6 ఇవ్వాలి.

అంగడి, ధరలు

తవ్వినదాన్ని ఎక్కడ అమ్మాలన్నది తవ్వకం అంత ముఖ్యమైన ప్రశ్న. ప్రతి రేవుకూ ప్రతి ఖనిజానికీ వేరే గిరాకీ, వేరే ధర. రేవు ఆర్థిక పరిస్థితి, అక్కడి రాజకీయ స్థితి ధరను కదిలిస్తాయి. 2018 మార్పుల తర్వాత గర్భ తవ్వకంతో దొరికే వాయిడ్ ఓపల్స్ టన్నుకు 10 లక్షల క్రెడిట్లకు పైగా పలికాయి. అంతకు ముందు ఏళ్ళ తరబడి కూడబెట్టినా కొనలేని నౌకలు కొద్ది రోజుల పనితో చేతికందాయి.

2020 తొలి నెలల్లో బొరాన్ అనే వ్యవస్థలోని మంచు వలయం పేరు ఆటంతా మారుమోగింది. అక్కడ లో టెంపరేచర్ డైమండ్ల హాట్‌స్పాట్లు మూడు ఒకే చోట కలిశాయి. లేజర్‌తోనే ఈ వజ్రాలు విరివిగా రావడంతో వేలమంది అక్కడ గుమిగూడారు. అదే ఏడాది రాబోయే ఫ్లీట్ క్యారియర్ ధర 500 కోట్ల క్రెడిట్లు, దాన్ని కొనడానికి చాలామంది అక్కడే పోగుచేసుకున్నారు. తర్వాత నిర్మాతలు దిగుబడినీ, అంగడి నియమాలనూ సవరించారు. గిరాకీకి మించి సరకు ఒకే రేవుకు తెస్తే టన్ను ధర పడిపోతుంది. ఒకే చోటి మీద అందరూ ఆధారపడకుండా ఈ నియమం వృత్తిని మళ్ళీ పాలపుంత నలుమూలలకూ పంపింది.

ధరల సమాచారం సేకరించడంలో ఆటగాళ్ళు చేసిన కృషి గొప్పది. ఒక రేవులో దిగిన కమాండర్ చూసిన ధరలు ఈడీడీఎన్ అనే ఉమ్మడి సమాచార వ్యవస్థలోకి చేరతాయి. ఇనారా వంటి జాలస్థలాలు వాటిని అందరికీ చూపిస్తాయి. ఇవన్నీ ఆటగాళ్ళు స్వచ్ఛందంగా నిర్మించి నడిపేవి.

ప్రమాదాలు

సరకుతో నిండిన నౌక మీద దొంగల కన్ను పడుతుంది. వలయంలోకి దిగిన కాసేపటికే దొంగనౌకలు వచ్చి సరకు గదిని స్కాన్ చేస్తాయి. విలువైనదేమీ లేకపోతే వెళ్ళిపోతాయి. అందువల్ల ఖాళీగా వచ్చి, ఆ గండం గడిచాక పని మొదలుపెట్టడం మంచి పద్ధతి. నౌక ధ్వంసమైతే బీమా కింద దాని విలువలో 5 శాతం చెల్లించి తిరిగి పొందవచ్చు, తవ్విన ఖనిజం మాత్రం పోయినట్టే. తోటి ఆటగాళ్ళే దాడి చేసే ప్రమాదమూ ఉంది. దీన్ని తప్పించుకోవాలనుకునేవాళ్ళు ఒంటరి పద్ధతిలోనో, తెలిసినవాళ్ళ బృందంలోనో ఆడతారు. ఏ పద్ధతిలో ఆడినా అంగడి మాత్రం అందరికీ ఒకటే.

ఉమ్మడి కార్యాలు

ఈ వృత్తి ఒంటరిది అనుకోవడం పొరపాటు. 2019 జనవరిలో బయలుదేరిన డిస్టంట్ వరల్డ్స్ 2 యాత్రలో వేలమంది ఆటగాళ్ళు పాలపుంతను దాటడానికి కలిసి కదిలారు. దారిలో ఒమేగా నీహారిక ప్రాంతంలో తవ్వకం చేపట్టి, ఖనిజాన్ని ఒకచోటికి చేర్చారు. దాని ఫలితంగా పాలపుంత కేంద్రంలోని కృష్ణబిలం సాజిటేరియస్ ఏ*కు దగ్గరలో ఎక్స్‌ప్లోరర్స్ ఆంకరేజ్ అనే రేవు వెలిసింది. సూర్యుడి నుంచి దాదాపు 26,000 కాంతి సంవత్సరాల దూరాన, ఆటగాళ్ళ చెమటతో నిలిచిన రేవు అది. ఈనాటికీ అక్కడికి చేరిన ప్రయాణీకులు అందులో నౌక బాగుచేసుకుంటారు.

ఫ్లీట్ క్యారియర్లు ఒక గంతులో 500 కాంతి సంవత్సరాలు దాటగలవు, వాటికి ఇంధనం ట్రిటియం. జనావాసాలకు దూరంగా వెళ్ళిన క్యారియర్‌కు ఇంధనం కొనే చోటు ఉండదు. మంచు వలయాల్లో తవ్వుకోవాలి. దూరయాత్రల్లో క్యారియర్ ఎక్కినవాళ్ళు ట్రిటియం తవ్వకంలో వంతులు పంచుకోవడం మామూలు.

ఇతర ఆటల్లో తవ్వకం

ఐస్‌లాండ్‌కు చెందిన సీసీపీ సంస్థ 2003 మేలో తెచ్చిన ఈవ్ ఆన్‌లైన్‌లో తవ్వకం ఆర్థిక వ్యవస్థకే పునాది. అక్కడి నౌకలు, ఆయుధాలలో అత్యధిక భాగం ఆటగాళ్ళే తయారుచేస్తారు, వాటికి కావలసిన ట్రిటానియం వంటి ముడిసరకు కూడా ఆటగాళ్ళు తవ్వినదే. ఆ అంగడిని పరిశీలించడానికి సంస్థ 2007లో ఒక ఆర్థికవేత్తను నియమించుకుంది. ఈవ్‌లో తవ్వడంలో చేతిపని తక్కువ, సంఘటిత శ్రమ ఎక్కువ.

2016 ఆగస్టులో వచ్చిన నో మ్యాన్స్ స్కైలో తవ్వకం కాలినడకన మొదలవుతుంది. చేతిలోని పరికరంతో చెట్ల నుంచి కార్బన్, రాళ్ళ నుంచి ఫెర్రైట్ తీసి నౌకను బాగుచేసుకోవాలి. 2018లో స్టార్ సిటిజన్‌లో వచ్చిన తవ్వకంలో లేజర్ వేడిని సరిగ్గా ఒక పచ్చని గీత మధ్య నిలపాలి, మించితే బండ పేలి నౌకకే దెబ్బ. అదే ఏడాది నవంబరులో జర్మనీకి చెందిన ఎగోసాఫ్ట్ విడుదల చేసిన ఎక్స్4లో ఆటగాడు తవ్వకపు నౌకలను కొని, పనివాళ్ళకు అప్పగించి యజమాని కావచ్చు. కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ 2015 ఏప్రిల్ రూపంలో, చందమామల మీద ఖనిజం తవ్వి అక్కడే రాకెట్ ఇంధనంగా మార్చుకునే ఏర్పాటు వచ్చింది. నిజమైన అంతరిక్ష సంస్థలు చర్చిస్తున్న ఆలోచనకు అన్నిటికంటే దగ్గరగా ఉన్నది ఇదే.

వాస్తవంతో పోలిక

ఆట వలయాల్లో బండలు కిక్కిరిసి ఉంటాయి. శని గ్రహపు అసలు వలయాలు లక్షల కిలోమీటర్ల మేర వ్యాపించి ఉన్నా, మందం చాలాచోట్ల దాదాపు 10 మీటర్లే. వాటిలో ఎక్కువ భాగం నీటి మంచు. అంగారక, బృహస్పతి కక్ష్యల మధ్య ఉన్న శకలాల పట్టీలో బండకూ బండకూ మధ్య దూరం లక్షల కిలోమీటర్లు ఉంటుంది. లోహ శకలాల్లో ప్లాటినం వర్గపు లోహాలున్నాయన్నది మాత్రం కల్పన కాదు. ఇనుప ఉల్కల్లో వాటిని శాస్త్రజ్ఞులు కొలిచారు. లోహం ఎక్కువగా ఉందని భావిస్తున్న సైకీ శకలం వైపు నాసా 2023 అక్టోబరులో ఒక నౌకను పంపింది.

మానవులు గ్రహశకలాల నుంచి ఇప్పటిదాకా తెచ్చింది చాలా కొద్ది. 2020 డిసెంబరులో జపాన్ హయబుసా-2 ర్యూగు నుంచి 5.4 గ్రాములు తెచ్చింది. 2023 సెప్టెంబరు 24న భూమికి చేరిన ఒసైరిస్-రెక్స్ గుళికలో బెన్నూ మట్టి 121.6 గ్రాములు. ఆటలో ఒక సాయంత్రం పనితో దక్కే వందల టన్నుల పక్కన ఈ అంకెలు పెడితే, నిజమైన తవ్వకం ఇంకా ఏ దశలో ఉందో అర్థమవుతుంది.

విలువ

ఎలైట్ పరంపరలో తవ్వకం ముప్పయ్యేళ్ళకు పైగా పక్కదారిగానే ఉండిపోయింది. లాభం కోసం మాత్రమే చేసే పనిగా ఉన్నంతకాలం అది నిలదొక్కుకోలేదు. 2018 మార్పులు దాన్ని చదివి, చూసి, విని, లెక్కగట్టి చేసే పనిగా మలిచాయి. వలయం రకం, నిల్వల స్థాయి, బండ మెరుపు, పగులు బలం, రేవు గిరాకీ అన్నీ తెలిసినవాళ్ళు చిన్న నౌకతోనే పెద్ద నౌకవాళ్ళను మించగలరు. ధరలు తర్వాత పెరిగినా తగ్గినా ఈ పనికి ఆదరణ తగ్గకపోవడానికి కారణం అదే. అంతరిక్ష అనుకరణ ఆటల్లో తవ్వకాన్ని ఒక సంపూర్ణమైన చేతివృత్తిగా తీర్చిదిద్దిన ఘనత ఎలైట్ డేంజరస్‌ది. ఈ రంగంలోకి కొత్తగా వచ్చేవాళ్ళు మొదట నౌక పరిమాణం పెంచుకోవడం మీద కాక, ఖనిజాల గురించి తెలుసుకోవడం మీద సమయం పెట్టడం మంచిది.